యంత్రశాల సందేహాలు: చిన్న సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్‌కు ట్రావెల్ పెంచడం ఎలా?

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటి గోడు ఒక్కటే. ఇంట్లోనో చిన్న షెడ్డులోనో పెట్టుకున్న సీఎన్‌సీ (కంప్యూటర్ ఆదేశాలతో నడిచే) మెషీన్ టేబుల్ ఇంకాస్త దూరం కదిలితే బాగుండునన్నది ఆ నలుగురి కోరిక. అందువల్ల మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈ నాలుగింటికే జవాబులు ఇస్తున్నాను. టేబుల్ గాని, కట్టర్‌ను పట్టి తిప్పే స్పిండిల్ గాని ఒక దిశలో కదలగలిగిన దూరాన్ని మన వర్క్‌షాపుల్లో అందరూ ‘ట్రావెల్’ అనే అంటారు కాబట్టి ఇక్కడ కూడా ఆ మాటే వాడుతున్నాను. ఎక్స్ అంటే ఎడమ నుంచి కుడికి, వై అంటే ముందు నుంచి వెనక్కి, జెడ్ అంటే పైకీ కిందికీ ఉన్న దిశ.

ప్రశ్న: చేతితో తిప్పే ఎక్స్2 రకం చిన్న మిల్లింగ్ మెషీన్ కొని, హ్యాండిళ్లు తీసేసి, స్టెప్పర్ మోటార్లు (పల్సుకు ఒక అడుగు చొప్పున తిరిగేవి), 16 మి.మీ. బాల్ స్క్రూలు (ఉక్కు గుండ్ల మీద నట్ నడిచేవి) బిగించి సీఎన్‌సీగా మార్చుకున్నాను. చేతితో తిప్పే రోజుల్లో వై దిశలో 100 మి.మీ. వచ్చేది. ఇప్పుడు 78 మి.మీ. దగ్గరే ఆగిపోతోంది. నా పనికి కనీసం 120 మి.మీ. కావాలి. పొడవైన స్క్రూ తెప్పించుకుంటే సరిపోతుందా? కాలమ్‌కు (స్పిండిల్‌ను మోసే నిలువు స్తంభానికి) స్పేసర్, అంటే మధ్యలో ఒక ప్లేటు, వేసి వెనక్కి జరపమని ఒక మిత్రుడు అంటున్నాడు. అది మంచిదేనా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పొడవైన స్క్రూ వేసినంత మాత్రాన ట్రావెల్ పెరగదు. స్క్రూ తోసేదే గాని మోసేది కాదు. శాడిల్‌ను, అంటే టేబుల్ కింద ఉండి వై దిశలో కదిలే దిమ్మను, మోస్తూ పక్కకు పోకుండా నడిపేవి బేస్ మీది డోవ్‌టైల్ పట్టాలు (పావురం తోకలా ఏటవాలు అంచులున్నవి). ఆ పట్టాల పొడవులోంచి, వాటిని పట్టుకుని ఉండే శాడిల్ పొడవును తీసేస్తే మిగిలేదే మెషీన్‌కు పుట్టుకతో వచ్చిన ట్రావెల్. నట్, స్క్రూ చివరను పట్టే బేరింగ్ బ్లాక్, హద్దు దగ్గర మెషీన్‌ను ఆపే లిమిట్ స్విచ్, కాలమ్ అన్నవి దాన్ని కొరుక్కుతినే అడ్డంకులు. మీరు పోగొట్టుకున్న 22 మి.మీ.ను పట్టాలు తినలేదు, కొత్త నట్ తిన్నది. ఆ 22 మి.మీ.ను వెనక్కి రాబట్టుకోవడం ఒక పని, 100 నుంచి 120కి పోవడం మరో పని. రెండింటినీ కలిపి ఆలోచిస్తే ఖర్చు పెరుగుతుందే గాని ఫలితం తేలదు.

కాబట్టి ఏదైనా కొనడానికి ముందు ఒక పూట కేటాయించి ఈ పరీక్ష చేయండి. వై స్క్రూను నట్ బ్రాకెట్‌తో సహా విప్పి పక్కన పెట్టండి. జిబ్ (పట్టాల పక్క సందును సర్దే పలక) స్క్రూలను కొద్దిగా వదులు చేసి, శాడిల్‌ను రెండు చేతులతో నెమ్మదిగా వెనక్కి, ఏదో ఒకటి తగిలేదాకా తోయండి. శాడిల్ అంచు ఎక్కడ ఆగిందో బేస్ పక్క మీద ఎర్ర మార్కర్‌తో గీత గీయండి. తర్వాత ముందుకు లాగండి. ఈ వైపున శాడిల్‌ను ఆపేది ఏదీ లేకపోతే అది పట్టాల మీద నుంచి బయటికి వేలాడుతూ వస్తుంది. శాడిల్ పొడవులో మూడింట రెండు వంతులు ఇంకా పట్టాల మీద ఉన్నప్పుడే ఆపి రెండో ఎర్ర గీత గీయండి. ఈ మూడింట రెండు వంతులన్నది శాస్త్రగ్రంథాల్లోని నియమం కాదు, నేను చేతులు కాల్చుకుని పెట్టుకున్న హద్దు. ఇప్పుడు స్క్రూ తిరిగి బిగించి, మోటార్‌తో కాకుండా చేతితో తిప్పుతూ రెండు చివర్లకు తీసుకుపోయి, ఆగిన చోట్ల నీలం గీతలు గీయండి. ఎర్ర గీతకూ నీలం గీతకూ మధ్య ఉన్న ఖాళీ మీకు రావలసిన బాకీ. ఆ ఖాళీ ముందువైపు ఉందా, వెనకవైపు ఉందా అన్నదాన్ని బట్టి ఏ భాగం అడ్డుపడుతోందో కూడా తెలిసిపోతుంది.

16 మి.మీ. బాల్ స్క్రూ, 5 మి.మీ. లీడ్ (స్క్రూ ఒక చుట్టు తిరిగితే నట్ జరిగే దూరం) ఉన్న మామూలు నట్‌ను చూడండి. ఒళ్లు 28 మి.మీ. వ్యాసం, అంచు 48 మి.మీ. వ్యాసం, పొడవు సుమారు 50 మి.మీ. మెషీన్‌తో వచ్చిన పాత నట్ చిన్న దిమ్మ, అది శాడిల్ కింది గాడిలో ఒదిగిపోయేది. కొత్తది అలా ఒదగదు. ముందుకు వచ్చినప్పుడు దాని అంచు బేరింగ్ బ్లాక్‌కు కొట్టుకుంటుంది, వెనక్కి పోయినప్పుడు దాని తోక బేస్ పోతకు తగులుతుంది.

ముందువైపు అడ్డు ఉంటే ఉపాయం సులువే. బేరింగ్ బ్లాక్‌ను బేస్ ముఖానికి నేరుగా బిగించకుండా, మధ్యలో 20 లేదా 25 మి.మీ. మందపు అల్యూమినియం ప్లేటు పెట్టి, నట్ లోపలికి దూరేలా ఆ ప్లేటుకు 50 మి.మీ. రంధ్రం బోర్ చేయించండి. బ్లాక్ అంత ముందుకు జరుగుతుంది కాబట్టి స్క్రూ కూడా అంత పొడవు ఉండాలి. పొడవైన స్క్రూ అవసరం ఇక్కడ వస్తుంది, మీ ప్రశ్నలో ఆ మేరకు నిజం ఉంది. ప్లేటు రెండు ముఖాలూ సమాంతరంగా ఉండటం మాత్రం తప్పనిసరి. ఒక వైపు మందం, మరో వైపు పలచన అయితే స్క్రూ వంకరగా కూర్చుని, శాడిల్ ఒక చివర తేలిగ్గా, మరో చివర బిగుసుకుపోతూ నడుస్తుంది. అప్పుడు స్టెప్పర్ మోటార్ అడుగులు తప్పుతుంది, మీరు నింద మోటార్ మీదికి నెడతారు.

వెనకవైపు అడ్డు ఉంటే చాలామంది శాడిల్ అడుగును చెక్కి నట్‌కు చోటు చేస్తారు. నేను మాత్రం అంత తేలిగ్గా ఆ పని చేయమని చెప్పను. శాడిల్ పోత ఇనుము. పైన ఎక్స్ డోవ్‌టైల్, కింద వై డోవ్‌టైల్ ఉండటం వల్ల దాని నడుమ ఇప్పటికే పలచగా ఉంటుంది. ఇంకా చెక్కితే జిబ్ బిగించినప్పుడల్లా అది కొద్దిగా వంగుతుంది. దానికన్నా 12 మి.మీ. స్క్రూ, 4 మి.మీ. లీడ్ ఉన్న చిన్న నట్‌కు మారడం మేలు. ఇంత చిన్న మెషీన్‌లో కట్టర్ తోపుకు ఆ స్క్రూ బలం చాలు. లీడ్ మారుతుంది కాబట్టి కంట్రోలర్‌లో లెక్క మార్చడం మరవకండి. మోటార్ ఒక చుట్టుకు 1600 పల్సులు తీసుకునేలా డ్రైవర్ పెట్టి ఉంటే, 5 మి.మీ. లీడ్‌కు మి.మీ.కు 320 పల్సులు, 4 మి.మీ. లీడ్‌కు 400 పల్సులు. లీడ్ మారకుండా స్క్రూ పొడవు ఒక్కటే మారితే ఈ అంకె మారదు.

బాల్ స్క్రూ చివర్లను తగ్గించి, మరలు తీయించడానికి మీ ఊళ్లో ఆటోనగర్ ఉండనే ఉంది. అయితే ఇది పైపొర గట్టిపరచిన కడ్డీ అని టర్నర్‌కు ముందే చెప్పండి. మామూలు టూల్ జారిపోతుంది, కార్బైడ్ టిప్పు కావాలి. నట్‌ను స్క్రూ మీదే ఉంచి లేత్‌కు ఇవ్వకండి, రజను లోపలికి పోతే ఆ నట్ ఇక పనికిరాదు. అలాగని నట్‌ను ఊరికే తిప్పి బయటికి తీయకండి. స్క్రూ మర అడుగు వ్యాసం కన్నా అణుమాత్రం తక్కువ వ్యాసం ఉన్న గొట్టాన్ని స్క్రూ చివర ఆనించి, నట్‌ను దాని మీదికి నడిపించి, గొట్టంతో సహా తీయాలి. ఒకసారి తొందరలో నేను గొట్టం లేకుండా చివర దాటించాను. మినుము గింజ కన్నా కాస్త చిన్నవైన ఉక్కు గుండ్లు చిట్లిన పూసల దండలా నేల మీద చెల్లాచెదురయ్యాయి. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి బల్ల కిందంతా పాకినా రెండు గుండ్ల లెక్క తేలలేదు. ఆ రెండూ లేకుండానే నట్ కూర్చాను. అది తిరిగింది గాని, గులకరాళ్ల మీద నడిచినట్టు తిరిగింది.

ఇక స్పేసర్ సంగతి. మీ మిత్రుడు చెప్పింది సగం నిజం. కాలమ్‌కూ బేస్‌కూ మధ్య 25 మి.మీ. ప్లేటు పెడితే కాలమ్‌తో పాటు స్పిండిల్ కూడా 25 మి.మీ. వెనక్కి పోతుంది. మీ ఎర్ర గీతల పరీక్షలో, వెనక్కి పోయే శాడిల్‌ను గాని టేబుల్‌ను గాని ఆపింది కాలమే అయి, పట్టాలు ఇంకా వెనక్కి మిగిలి ఉంటే, అక్కడ మిగిలిన పట్టా మేరకు ట్రావెల్ నిజంగానే పెరుగుతుంది. అలా కాకుండా పట్టాలే అక్కడితో అయిపోయి ఉంటే ట్రావెల్ ఒక్క మి.మీ. కూడా పెరగదు. టేబుల్ మీద కట్టర్ అందుకునే మేర మొత్తంగా 25 మి.మీ. వెనక్కి జరుగుతుంది, అంతే. కొందరికి అదే చాలు. వైస్ వెనక దవడ దాకా కట్టర్ అందక ఇబ్బంది పడేవారు ట్రావెల్ లేదనుకుంటారు గాని, వారికి కావలసింది నిజానికి ఈ జరుగుబాటే. మీది ఏ రకం ఇబ్బందో చూసుకోండి.

స్పేసర్ వేయాలని నిశ్చయించుకుంటే దాని మందం నాలుగు మూలలా మైక్రోమీటర్‌తో కొలవండి. 100 మి.మీ. మేర మందంలో 0.05 మి.మీ. తేడా ఉన్నా, 250 మి.మీ. ఎత్తుకు వచ్చేసరికి స్పిండిల్ 0.125 మి.మీ. వాలుతుంది. కట్టర్ నడిచిన ప్రతి వరుసా చేపపొలుసులా మెట్టు మెట్టుగా కనబడుతుంది. కాలమ్ పక్కకు వాలేలా ఒకే పెద్ద నట్‌తో బిగించిన రకాలు కూడా ఈ మెషీన్లలో ఉన్నాయి. మీది అదైతే ముందు ఆ కీలు ఊగకుండా గట్టిపరచి, ఆ తర్వాతే స్పేసర్ మాట ఎత్తండి.

ముందువైపు శాడిల్‌ను ఎంత దూరం వేలాడనివ్వవచ్చు అన్నది చివరి చిక్కు. జిబ్‌లో 0.02 మి.మీ. సందు ఉందనుకుందాం. బాగా సర్దిన మెషీన్‌లో కూడా అంత ఉంటుంది. శాడిల్ 100 మి.మీ. పొడవున పట్టాలను పట్టుకుని ఉంటే, నడుమ నుంచి 195 మి.మీ. దూరంలో ఉన్న టేబుల్ కొసను అటూ ఇటూ ఊపినప్పుడు డయల్ గేజ్ ముల్లు సుమారు 0.04 మి.మీ. కదులుతుంది. పట్టు 60 మి.మీ.కు తగ్గితే అదే సందుకు ముల్లు 0.065 మి.మీ. కదులుతుంది. మీరు పని చేసేది అల్యూమినియం మీదో ఇత్తడి మీదో అయితే ఈ తేడా కోసిన పక్క గోడల మీద అలల గీతలుగా కనబడుతుంది. కాబట్టి 120లో చివరి 10 మి.మీ.ను రోజూ వాడే మేరగా కాక, డ్రిల్లు వేయడానికో తేలిక కోతకో పనికొచ్చే మేరగా లెక్కపెట్టుకోండి.

ప్రశ్న: నా దగ్గర 3018 మెషీన్ (300, 180 మి.మీ. ట్రావెల్ ఉన్న చిన్న సీఎన్‌సీ) ఉంది. చెక్క మీద, యాక్రిలిక్ మీద నేమ్ బోర్డులు చెక్కుతాను. ఎక్స్ 300ను 500కు, వై 180ని 280కి పెంచాలనుంది. పొడవైన కడ్డీలు, టీ8 (8 మి.మీ. వ్యాసపు) స్క్రూలు, అల్యూమినియం ప్రొఫైళ్లు విడిగా దొరుకుతున్నాయి. తిన్నగా మార్చేసుకోవచ్చా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: విడిభాగాలు దొరకడం వల్ల ఇది తేలికపని అనిపిస్తుంది. భాగాలు కూడుతాయి కూడా. మెషీన్ కదులుతుంది, కాని చెక్కదు. చెక్కినా అక్షరాల లోతు బోర్డు నడుమ ఒకలా, అంచుల్లో ఒకలా వస్తుంది. కారణం మెషీన్‌ను మోస్తున్న ఆ 10 మి.మీ. గుండ్రటి కడ్డీలు.

రెండు చివర్లా మాత్రమే ఆనిన కడ్డీ నడుమ బరువు పడితే, అది వంగే దూరం పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది, వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి తగ్గుతుంది. మీ మెషీన్ ఎక్స్ కడ్డీ ఇప్పుడు సుమారు 360 మి.మీ. ఉంటుందనుకుంటే, ఒక్కో కడ్డీ మీద కిలో బరువంత తోపు పడినప్పుడు అది నడుమ దాదాపు 0.1 మి.మీ. వంగుతుంది. అదే కడ్డీని 560 మి.మీ. చేస్తే వంపు 0.36 మి.మీ. అవుతుంది. చివర్లను గట్టిగా బిగిస్తే ఈ అంకెలు కొంత తగ్గుతాయి గాని, రెండింటి నిష్పత్తి మాత్రం అలాగే, దాదాపు నాలుగు రెట్లుగానే ఉంటుంది. అక్షరం లోతు అర మి.మీ. ఉండవలసిన చోట 0.36 మి.మీ. వంపు అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు.

12 మి.మీ. కడ్డీ వేస్తే బిగువు రెండు రెట్లవుతుంది. నాలుగు రెట్ల నష్టానికి అది చాలదు. 16 మి.మీ. వేస్తే ఆరున్నర రెట్లు, అంటే పాతదానికన్నా గట్టిగా ఉంటుంది. అయితే బేరింగులు, వాటిని పట్టే క్యారేజ్, పక్క పలకలు అన్నీ మార్చాలి. అంత మార్చేటప్పుడు గుండ్రటి కడ్డీలను వదిలేసి, అల్యూమినియం ప్రొఫైల్ పొడవునా మరలతో బిగించే చదరపు లీనియర్ రైలు వేసుకోవడమే తెలివైన పని. రైలు పొడవంతా ప్రొఫైల్ మీద ఆని ఉంటుంది కనుక, వంగాలంటే ప్రొఫైల్ కూడా దానితో పాటు వంగాలి. ప్రొఫైల్‌ను దాని వెడల్పు నిలువుగా వచ్చేలా నిలబెట్టండి. పడుకోబెడితే పై నుంచి వచ్చే తోపుకు బలం బాగా తగ్గిపోతుంది.

స్క్రూ గురించి మీరు అడగలేదు గాని చాలామంది భయపడేది దాని గురించే కాబట్టి చెబుతున్నాను. పొడవు పెరిగిన స్క్రూ వేగంగా తిరిగితే తాడులా ఊగుతుందన్నది నిజమే. ఆ వేగం పొడవు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. రెండు చివర్లా బేరింగ్ ఉన్న 500 మి.మీ. టీ8 స్క్రూకు ఆ హద్దు నిమిషానికి రెండువేల చుట్లు దాటాకే వస్తుంది. మీ మెషీన్‌లో ఉండే 4 మి.మీ. లీడ్‌తో నిమిషానికి 1000 మి.మీ. నడిపినా స్క్రూ తిరిగేది 250 చుట్లే. కాబట్టి 500 మి.మీ. దగ్గర భయం లేదు. అసలు ముప్పు వంకర స్క్రూ. కొన్న స్క్రూను గాజు పలక మీద దొర్లించి, కింద నుంచి వెలుతురు రావడాన్ని చూడండి. వెలుగు గీత కళ్లార్పినట్టు సన్నబడుతూ వెడల్పవుతూ ఉంటే అది వంగిన స్క్రూ, వెనక్కి ఇచ్చేయండి. రెండో చివర బేరింగ్ లేకుండా గాలిలో వదిలేసిన స్క్రూను పొడిగించడం మాత్రం తప్పు. అప్పుడు హద్దు మూడో వంతుకు పడిపోతుంది.

వై విషయంలో నా సలహా వేరు. మీ మెషీన్‌లో వై దిశలో కదిలేది గ్యాంట్రీ (స్పిండిల్‌ను మోసే వంతెన) కాదు, బల్ల. కదిలే బల్లకు ట్రావెల్ పెంచితే మెషీన్ ఆక్రమించే చోటు ముందూ వెనకా పెరుగుతుంది. కడ్డీ పొడవు అంటే ట్రావెల్‌కు, బల్ల కింద ఉన్న బేరింగుల మొదటి అంచు నుంచి చివరి అంచు దాకా ఉన్న దూరాన్ని కూడినది. ట్రావెల్ 100 పెంచితే కడ్డీ 100 పెరగాలి. బల్ల కూడా 100 పెంచితే, అది అంచుల్లో పళ్లెంలా ఊగకుండా బేరింగులను దూరం జరపాలి. ఆ జరిపినంత మేర కడ్డీ మళ్లీ పెరగాలి. అంతా అయ్యేసరికి మీ బల్ల కోసం ఇంట్లో మరో బల్ల కావలసి వస్తుంది. నేమ్ బోర్డులు పొడవుగా, ఇరుకుగా ఉండేవే కనుక, ఎక్స్‌ను మాత్రమే రైళ్లతో 500కు పెంచి, వైని 180 దగ్గరే ఉంచండి. బోర్డు పొడవును ఎక్స్ వెంట పెట్టండి. 280 మి.మీ. ఎత్తు బోర్డు ఏడాదికి ఎన్నిసార్లు వస్తుందో లెక్క చూసుకుంటే, దానికోసం మెషీన్‌ను చెడగొట్టుకోవడం అనవసరమని మీకే అనిపిస్తుంది. అలాంటి పనికి ఈ శీర్షికలోని చివరి జవాబు చూడండి.

వైర్ల విషయం ఒక్క మాటలో చెబుతాను. గ్యాంట్రీ పొడవు పెరిగితే వైర్లు కూడా పెరుగుతాయి. స్పిండిల్ మోటార్ వైరును, లిమిట్ స్విచ్ వైరును ఒకే కట్టగా కట్టకండి. మోటార్ రొదకు స్విచ్ నొక్కినట్టు భ్రమపడి మెషీన్ నడిమధ్యలో ఆగిపోతుంది.

ప్రశ్న: ట్రావెల్‌ను 300 నుంచి 420కి పెంచాను. చేతితో జరిపితే చివరిదాకా పోతోంది. కాని ప్రోగ్రాం నడిపితే 300 దాటగానే ‘అలారం 2’ చూపించి ఆగిపోతోంది. కంట్రోలర్‌లో నడిచేది జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్. – ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ మెషీన్ పెరిగిన సంగతి కంట్రోలర్‌కు మీరు చెప్పలేదు. జీఆర్‌బీఎల్‌లో ‘అలారం 2’ అంటే, ప్రోగ్రాం అడిగిన చోటు తనకు చెప్పిన ట్రావెల్‌కు అవతల ఉందని అర్థం. దాని సెట్టింగుల్లో $130 ఎక్స్ ట్రావెల్, $131 వై, $132 జెడ్. $130=420 అని పంపకండి. 415 అని పంపి, రెండు చివర్లా కొద్దిగా చోటు మిగుల్చుకోండి. ఈ హద్దును పాటించమని చెప్పేది $20. దాన్ని సున్నా చేస్తే అలారం రాదు గాని, అది జబ్బును వదిలి థర్మామీటర్‌ను పగలగొట్టడమే. $20 పనిచేయాలంటే $22తో హోమింగ్ (మెషీన్ లిమిట్ స్విచ్‌ల దాకా పోయి తన సున్నాను వెతుక్కోవడం) కూడా ఉండాలి. హోమింగ్ అయ్యాక మెషీన్ కొలతలు రుణసంఖ్యల్లో, అంటే సున్నా నుంచి –415 దాకా కనబడితే కంగారుపడకండి, జీఆర్‌బీఎల్ పద్ధతే అంత.

ఎక్స్ దిశలో మి.మీ.కు ఎన్ని పల్సులో చెప్పే $100 జోలికి పోవలసిన పని లేదు. స్క్రూ లీడ్ మారలేదు కదా. 400 మి.మీ. నడపమంటే 399.2 నడిచిందని, 800ను 801.6గా మార్చేవాళ్లను చూశాను. ముందు అదే దూరాన్ని అదే దిక్కు నుంచి మూడుసార్లు కొలవండి. ఒక్కోసారి ఒక్కో అంకె వస్తే తప్పు $100లో లేదు, కదిలే భాగాల్లో ఎక్కడో వదులు ఉండవచ్చు. అంకెలు మార్చి వదులును బిగించలేరు.

ప్రశ్న: 3018 మెషీన్‌ను విప్పే ధైర్యం నాకు లేదు. గుమ్మం పైన పెట్టడానికి 600 మి.మీ. పొడవు, 200 మి.మీ. వెడల్పు టేకు చెక్క మీద లతల అంచు చెక్కాలి. ట్రావెల్ పెంచకుండా వీలవుతుందా? – ఒక వడ్రంగి, రాజమహేంద్రవరం

జవాబు: వీలవుతుంది, మీ చేతికి ఇది మెషీన్ విప్పడం కన్నా అలవాటైన పని కూడా. మెషీన్ వై దిశలో ముందూ వెనకా తెరిచి ఉంటుంది. చెక్కను గ్యాంట్రీ కింద నుంచి ఆ దిశలో దూర్చి, విడతలు విడతలుగా జరుపుతూ చెక్కాలి. 180 మి.మీ. ట్రావెల్‌లో ఒక్కో విడతకు 150 మి.మీ. చొప్పున జరిపితే, నాలుగు విడతల్లో 600 పూర్తవుతుంది. ప్రతి అతుకు దగ్గర 30 మి.మీ. మేర రెండు విడతలూ కలుస్తాయి.

అతుకు కనబడకుండా ఉండాలంటే చెక్క వంకర పోకూడదు, జరిపిన దూరం తప్పకూడదు. వంకర పోకుండా ఉండటానికి, బల్ల మీద ఎండీఎఫ్ పలక బిగించి, దాని ఎడమ అంచున ఒక బద్దను మరలతో కొట్టి, ఆ బద్ద లోపలి అంచును మెషీన్ చేతనే వై దిశలో ఒకసారి కోయించండి. మెషీన్ కోసిన అంచు మెషీన్ నడకకు సమాంతరంగా ఉండక తప్పదు, మూలమట్టంతో మీరు ఎంత సరిచూసినా అంత రాదు. చెక్కకు ఒక పక్క అంచును చిత్రిక పట్టి తిన్నగా చేసి, ఆ బద్దకు ఆనించండి. బద్ద పొడవుగా ఉంటే మేలు. 60 మి.మీ. బద్ద దగ్గర 0.1 మి.మీ. సందు ఉంటే 300 మి.మీ. అవతల అది అర మి.మీ. తప్పవుతుంది. 200 మి.మీ. బద్ద అయితే అదే సందు 0.15 దగ్గర ఆగుతుంది.

దూరానికి మేకు ఉపాయం ఉంది. చెక్క అంచున చెక్కడం రాని చోట, వై 15 దగ్గర ఒకటి, వై 165 దగ్గర ఒకటి, 6 మి.మీ. రంధ్రాలు మెషీన్ చేతనే చెక్కలోంచి కింది పలకలోకి వేయించండి. మొదటి విడత చెక్కడం అయ్యాక, కింది పలకలో 15 దగ్గరి రంధ్రంలో 6 మి.మీ. ఉక్కు మేకు నిలబెట్టి, చెక్కను జరిపి, దాని 165 దగ్గరి రంధ్రాన్ని ఆ మేకుకు తొడగండి. సరిగ్గా 150 జరిగినట్టే. తర్వాతి విడతకు కావలసిన రంధ్రాన్ని మళ్లీ 165 దగ్గర వేయించి ఇలాగే సాగండి. ఒక్కో విడతలో కట్టర్ లోతు సున్నాను మళ్లీ చూసుకోవాలి. టేకు పలక 600 మేర ఒకే మందంగా ఉండదు.

చెక్క బల్ల దాటి వేలాడుతుంది కాబట్టి, దాని బరువుకు బల్ల తలవంచకుండా మెషీన్‌కు ముందూ వెనకా బల్ల ఎత్తుకు సరిపోయే స్టాండ్లు పెట్టి, వాటి మీద కొవ్వొత్తి మైనం రుద్దండి. బల్ల కదులుతుంటే చెక్క వాటి మీద జారాలి. కట్టర్ వేగాన్ని మామూలుకన్నా సగానికి తగ్గించండి. ఈ మోటార్లు ఖాళీ బల్లను నడపడానికి చేసినవి గాని, గుమ్మం చెక్కను ఈడ్వడానికి చేసినవి కావు. అతుకు గీతను లత కాండం మీద పడనివ్వకుండా, రెండు ఆకుల మధ్య ఖాళీలో పడేలా నమూనాను ముందే జరుపుకోండి. అక్కడ పావు మి.మీ. మెట్టు వచ్చినా మీ ఉలితో ఒక్క తడవలో పోతుంది.